చేసిపెట్టడం వేరు, చేయించడం వేరు: బడిలో సాటి టీచర్ దగ్గర టెక్నాలజీ నేర్చుకోవడం

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఇద్దరు టీచర్లు కొత్తగా కలిశారంటే, పేరూ బడీ చెప్పుకున్నాక వచ్చే ప్రశ్న ఒకటే: "మీది ఏ డీఎస్సీ?" 96, 98, 2002, 2008, 2012... టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీలో ఏ ఏటి బ్యాచో చెప్పే ఆ అంకె ఒక్కటి చెబితే సర్వీసు ఎంతో, ఏ పుస్తకాలతో ఉద్యోగం మొదలైందో, ఎన్ని కొత్త పద్ధతులు వచ్చిపోవడం చూశారో అవతలివారికి తెలిసిపోతుంది. 2024 అక్టోబరులో తెలంగాణలో ఈ వరసలోకి ఇంకో బ్యాచ్ వచ్చింది. 11,062 పోస్టులకు వేసిన డీఎస్సీలో ఎంపికైనవాళ్లు ఆ నెలలో బడుల్లో చేరారు. దానికి ముందరి టీచర్ల నియామకానికి నోటిఫికేషన్ వచ్చింది 2017లో. అందుకే ఓరుగల్లు చుట్టుపక్కల జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు ఒకే స్టాఫ్ రూంలో, ఒకే బల్లకు అటూ ఇటూ, పాతికేళ్ల సర్వీసున్న సారూ, ఏడాదో రెండేళ్లో సర్వీసున్న టీచరూ కూర్చుంటున్నారు.

వాళ్లిద్దరి మధ్యకు ఒక యంత్రం కూడా వచ్చింది. 2022 మార్చి 8న మొదలైన 'మన ఊరు – మన బడి' పథకంలో పన్నెండు రకాల పనులు పెట్టుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, ప్రహరీలతో పాటు డిజిటల్ వసతులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆ తర్వాత ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లోకి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. టీచర్లు ఐఎఫ్‌పీ అంటారు, పిల్లలు పెద్ద టీవీ అంటారు. దాని మీద వేలితో రాయొచ్చు, వీడియో చూపొచ్చు, గుండె బొమ్మను అన్ని వైపులా తిప్పి చూపొచ్చు. అయితే అది ఎవరి పీరియడ్‌లో వెలుగుతుంది, ఎవరి పీరియడ్‌లో నల్లగా ఉండిపోతుంది అన్నది, ఆ బడిలో ఒక టీచర్‌కు ఇంకో టీచర్ ఎలా నేర్పుతున్నారన్న దాన్ని బట్టే తేలుతుంది.

శిక్షణలకైతే లోటు లేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలంది. 2017 నుంచి దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక ఉంది, అందులో టీచర్లకు నిష్ఠ అనే శిక్షణ కోర్సులు ఉన్నాయి. 2025 మేలో రాష్ట్రమంతటా విడతలవారీగా ఐదేసి రోజుల శిక్షణ నడిచింది. పద్ధతి అందరికీ తెలిసిందే. రాష్ట్రస్థాయి బృందం జిల్లా రిసోర్స్ పర్సన్లకు చెబుతుంది, వాళ్లు మండలాల వాళ్లకు, అక్కడి నుంచి టీచర్లకు. హాల్లో నలభై యాభై మంది ఉంటారు, ప్యానెల్ ఒకటే ఉంటుంది. రిసోర్స్ పర్సన్ నొక్కుతుంటే మిగతావాళ్లు చూస్తారు. ఈత గురించి ఒడ్డున కూర్చుని ఎంత విన్నా నీళ్లలో దిగితేగాని రాదు. పైగా మేలో చూసింది జూన్ 12న బడి తెరిచేనాటికి సగం గుర్తుండదు. మిగిలిన సగం, తమ గదిలో ఉన్న ప్యానెల్‌లో బటన్లు వేరే చోట ఉండేసరికి పనికి రాదు.

ఈ ఖాళీని ఎవరు పూడ్చాలన్న దానిపై బయటి దేశాల్లో చాలా పరిశోధన జరిగింది. 2018లో మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లాజర్, డిలన్ హోగన్ అనే ముగ్గురు పరిశోధకులు టీచర్లకిచ్చే కోచింగ్ మీద వచ్చిన 60 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. (మన దగ్గర కోచింగ్ అంటే పోటీ పరీక్షల కోచింగే గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం, టీచర్ తరగతిలోనే పక్కన ఉండి చేయించడం.) అలా చేసినచోట బోధన మెరుగైంది, పిల్లల మార్కులూ కొంత పెరిగాయి. వాళ్లు చెప్పిన రెండో మాట మనకు ఇంకా ముఖ్యం. అదే పనిని వందల మందికి ఒకేసారి పెద్ద కార్యక్రమంగా చేసినప్పుడు ఫలితం బాగా తగ్గిపోయింది. కొద్దిమంది మధ్య, ఒకరి పాఠం ఇంకొకరికి తెలిసినచోట పండే పంట ఇది. ఆ లెక్కన మన బడుల్లో ఉన్న పరిస్థితి నిజానికి అనుకూలమైనదే. ఎనిమిది పది మంది స్టాఫ్, రోజూ ఒకే గదిలో మధ్యాహ్న భోజనం, ఎవరి క్లాసు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

మరి అక్కడ ఏం జరుగుతోంది? చాలాచోట్ల వినిపించే మాట ఇది: "సార్, జర ఇది ఓపెన్ చేసిపెట్టరాదుండ్రి." కుర్ర టీచర్ లేచి వెళ్తారు, రెండు నిమిషాల్లో ఓపెన్ చేసి వస్తారు. అడిగినవారికి పని అయిపోయింది, చేసినవారికి గౌరవం దక్కింది. మర్నాడు మళ్లీ అదే మాట. ఏడాది గడిచినా ఓపెన్ చేసే చేయి మారదు. ఈ సాయంలో మంచి మనసు ఉంది, దాన్ని తక్కువ చేయడానికి లేదు. కానీ చేసిపెట్టడం వేరు, చేయించడం వేరు. చేసిపెట్టిన ప్రతిసారీ "ఇది నాతో అయ్యేది కాదు" అన్న నమ్మకం సీనియర్ టీచర్‌లో ఇంకొంచెం గట్టిపడుతుంది. కుర్ర టీచర్‌కైతే బడిలో ఉన్న ఎంట్రీలన్నీ వచ్చి నెత్తిన పడతాయి. బడి వివరాలన్నీ కేంద్రానికి చేరే యూడైస్ నింపాలి, మధ్యాహ్న భోజనం లెక్క పంపాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తులు అప్‌లోడ్ చేయాలి. రెండేళ్లయ్యేసరికి ఆ టీచర్ బడికి కంప్యూటర్ ఆపరేటర్ అయిపోతారు, సొంత పాఠానికే టైం దొరకదు.

సీనియర్లకు టెక్నాలజీ రాదన్న మాట కూడా అంత నిజం కాదు. వాట్సాప్‌లో సర్క్యులర్లు చదివేది, ఫార్వర్డ్ చేసేది వాళ్లే. పిల్లల హాజరు యాప్‌లో వేస్తున్నారు. 2025 ఆగస్టు 1 నుంచి టీచర్ల హాజరు కూడా ముఖ గుర్తింపుతోనే. ఇవన్నీ తడబడుతూనైనా రోజూ చేస్తున్నారు. సమస్య ఏమిటంటే, వీళ్ల దగ్గరికి టెక్నాలజీ వచ్చిందే లెక్క చెప్పే పనిగా, గడువుతో, టెన్షన్‌తో వచ్చింది. అది పాఠానికి పనికొచ్చే వస్తువుగా ఎప్పుడూ చేతికి అందలేదు. కాబట్టి సాటి టీచర్ చేయాల్సిన మొదటి పని ప్యానెల్ గురించి చెప్పడం కాదు. "సార్, వచ్చేవారం ఏ పాఠం చెప్తున్నరు? అందులో పిల్లలకు ఎక్కడ కష్టమైతది?" అని అడగడం. తరగతిలోని పునీత్‌లూ ప్రవళికలూ ఏ లెక్క దగ్గర ఆగిపోతారో పాతికేళ్లు చెప్పినవారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పున్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో ప్రతిపాదించిన నమూనా కూడా ఇదే చెబుతుంది. విషయం తెలియడం, బోధించడం తెలియడం, సాధనం తెలియడం అనే మూడు తెలివిడులు ఒకదానిలో ఒకటి కలిస్తేనే పాఠం. మూడింటిలో మొదటి రెండూ సీనియర్ దగ్గర నిండుగా ఉన్నాయి. లోటున్నది మూడోదానిలోనే.

దీన్ని దగ్గరి నుంచి చూడటానికి ఒక తెలుగు టీచర్ విషయం తీసుకుందాం. ఇరవై ఏళ్లుగా దాచుకున్న నోట్సు ఆమె దగ్గర ఉంది. పద్యాలకు ప్రతిపదార్థాలు, సంధులు, సమాసాలు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించి పెట్టుకున్నారు. పెన్ డ్రైవ్ తెచ్చి ప్యానెల్‌కు పెడితే తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, ప్లస్సులు, బ్రాకెట్లు, ఏవేవో గుర్తులు. ఎదురుగా పిల్లలు. పెన్ డ్రైవ్ తీసి బ్యాగులో వేసుకుని సుద్దముక్క అందుకుంటారు. ఆ నెలంతా ప్యానెల్ జోలికి వెళ్లరు. ఎవరైనా అడిగితే "నా ఫైలు ఖరాబైంది" అంటారు.

ఫైలు ఖరాబు కాలేదు. ఆ నోట్సు డీటీపీ సెంటర్లలో వాడే 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో టైప్ అయింది. ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలనే. వాటి మీద తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు కనిపిస్తుంది, అది లేని ప్యానెల్‌లో కింద ఉన్న అసలు గుర్తులు బయటపడతాయి. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు సొంతంగా 128 స్థానాలు కేటాయించారు కాబట్టి ఆ ఇబ్బంది రాదు. ఫోన్‌లో టైప్ చేసే తెలుగు అంతా యూనికోడే. పరిష్కారాలు రెండున్నాయి. ఫాంటు ఉన్న డీటీపీ సెంటర్‌లోనే ఫైలును పీడీఎఫ్‌గా మార్పించుకుంటే ఫాంటు అందులోనే కలిసి వస్తుంది, ఎక్కడైనా తెరుచుకుంటుంది. లేదంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, వట్రసుడులు ఒకసారి సరిచూసుకోవాలి. ఆ సరిచూడటం తెలుగు టీచర్ కంటే బాగా ఎవరు చేస్తారు?

సాటి టీచర్ ఈ సంగతిని ఎలా చెబుతారన్న దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. "ఇటియ్యండి మేడం, నేను మార్చి తెస్త" అంటే ఒక్క ఫైలు మారుతుంది. ఎందుకలా కనిపించిందో రెండు మాటల్లో చెప్పి, ఒక్క పేజీ ఆమె చేతనే మార్పిస్తే మిగతా రెండు వందల పేజీలు ఆమే మార్చుకుంటారు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. తప్పు తనది కాదని తెలియగానే సగం భయం పోతుంది. వయసు మీద పడ్డాక కొత్త వస్తువు పట్టుకునేవారిని ఆపేది తెలివి తక్కువ కావడం కాదు. ఏదో నొక్కితే ఏదో అయిపోతుందని, సర్కారు వస్తువు పాడైతే జవాబు చెప్పాలని, పిల్లల ముందు పరువు పోతుందని బెదురు. ఆ బెదురు తీరేది ఖాళీ గదిలోనే. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టి పిల్లలు వెళ్లిపోయాక పావుగంట ఇద్దరే ఉండి, "ఏం కాదు మేడం, ఖరాబ్ కాదు, నొక్కుండ్రి" అని నాలుగుసార్లు తప్పులు చేయనిస్తే చాలు. ప్యానెల్‌లో ఆండ్రాయిడ్ ఒకటి, విండోస్ ఒకటి రెండూ ఉండే చోట, ఒకదాని నుంచి ఇంకోదానికి పొరపాటున మారితే 'నో సిగ్నల్' అని వస్తుంది. చాలామంది అక్కడే ప్యానెల్ చెడిపోయిందనుకుని ఆఫ్ చేస్తారు. కావాలని ఆ తప్పు చేయించి, కావాలని వెనక్కి రప్పించడం ఖాళీ గదిలో చేయదగ్గ మొదటి అభ్యాసం.

టైపింగ్ రాదన్న అడ్డంకికి ఇంకా సులువైన దారి ఉంది. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలు పడతాయి. తప్పులు వస్తాయి, దిద్దుకోవాలి. అయినా గంట పట్టే ప్రశ్నపత్రం పావుగంటలో అయ్యే సరికి ముఖంలో వచ్చే మార్పు చూడాల్సిందే.

ఇక లెక్కల విషయం. పదో తరగతిలో బహుపదులు అనే అధ్యాయం ఉంది. వర్గ బహుపదికి గ్రాఫు గీస్తే పరావలయం వస్తుంది. ఎక్స్ విలువలు వేసి, వై విలువలు కట్టి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపేసరికి పీరియడ్ అయిపోతుంది. ఒక్క గ్రాఫుతో సరి. గుణకం మారితే గీత ఎలా మారుతుందన్నది పిల్లలు బట్టీ పట్టాల్సిందే. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇక్కడ పనికొస్తుంది. ఆస్ట్రియాకు చెందిన మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టింది ఇది. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ లేకుండా నడుస్తుంది. సమీకరణంలో గుణకాల చోట అక్షరాలు టైప్ చేస్తే వాటికి జరిపే మీటలు వస్తాయి. ఎక్స్ స్క్వేర్ ముందున్న గుణకాన్ని ఒకటి నుంచి మెల్లగా తగ్గిస్తుంటే గిన్నెలాంటి గీత వెడల్పవుతూ పోతుంది. సున్నా దగ్గర సరళరేఖ అవుతుంది. సున్నా దాటితే బోర్లపడుతుంది.

కుర్ర టీచర్‌కు ఈ మీట జరపడం వచ్చు. మీట జరుగుతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు కూడా. అనుభవమున్న సార్ అక్కడ అడిగే ప్రశ్న వేరు: "సున్నా కాడ ఆపు. ఇప్పుడిది వర్గ బహుపదేనా?" తరగతి నిశ్శబ్దమైపోతుంది. గుణకం సున్నా కాకూడదని పుస్తకంలో నిర్వచనం పక్కన ఎందుకు రాశారో అప్పుడు తెలుస్తుంది. ఆ ప్రశ్న సాఫ్ట్‌వేర్‌లో లేదు, పాతికేళ్ల బోధనలో ఉంది. అలాగే, ఒక్క గ్రాఫైనా చేత్తో గీయించకుండా మీట జరిపితే పిల్లలకు అది సినిమాలాగే ఉంటుందని చెప్పేదీ ఆయనే. ముందు గ్రాఫు కాగితం, తర్వాత ప్యానెల్. ఆ క్రమం నేర్చుకోవాల్సింది కుర్ర టీచర్. ఇలా ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట "చిన్నోళ్ల దగ్గర నేర్చుకునుడేంది" అన్న ఇబ్బంది దానంతటదే కరిగిపోతుంది. మన స్టాఫ్ రూములలో వయసుకూ సర్వీసుకూ ఇచ్చే మర్యాద మంచిదే. దాన్ని పక్కన పెట్టమంటే ఏ సాయమూ ముందుకు కదలదు. మర్యాద ఉండగానే నేర్పొచ్చు, ఎవరి దగ్గర ఉన్నది వాళ్లు ఇస్తే.

ఇద్దరూ కలిసి తయారుచేసే పాఠంలో కరెంటు పోతే ఏం చేయాలో కూడా రాసి ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మొదటిసారి ప్యానెల్ మీద చెబుతుండగా కరెంటు పోయి, ఏం చేయాలో తోచక నిలబడిపోయిన టీచర్ రెండోసారి ప్రయత్నించడానికి చాలాకాలం పడుతుంది. బోర్డు మీద అదే పాఠం ఏ మెట్టు నుంచి అందుకోవాలో ముందే అనుకుని ఉంటే ఆ భయం ఉండదు.

ఇంతా చేసి, ఈ పనికి బడిలో చోటెక్కడ? ఎనిమిది పీరియడ్ల రోజులో టీచర్‌కు ఒకటో రెండో లీజర్లు, అంటే ఖాళీ పీరియడ్లు ఉంటాయి. ఎవరైనా సెలవు పెడితే ఆ లీజరూ అడ్జస్ట్‌మెంట్‌కు పోతుంది. ఇద్దరి లీజరూ ఒకే సమయంలో పడటం అరుదు. హెడ్‌మాస్టర్ జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడే, వారానికి ఒక్క పీరియడ్ ఇద్దరికీ కలిసి ఖాళీ ఉండేలా చూస్తే, దానికి పైసా ఖర్చు లేదు. అదనపు పోస్టు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. ఇది కాక ఇంకో లీజరులో ఒకరు ఇంకొకరి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవాలి. తెర దగ్గరికి రాకూడదు, చేయి పెట్టకూడదు. ఆగిపోతే ఆగనివ్వాలి. బయటికొచ్చాక మాట్లాడుకోవాలి. ఆ మాటలు వాళ్లిద్దరి మధ్యే ఉండాలి. అవి ఏ రిపోర్టులోనూ ఎక్కకూడదు, ఫొటో తీసి గ్రూపులో పెట్టకూడదు. సాయం చేసేవారు తనిఖీకి వచ్చినట్టు అనిపించిన క్షణంలో అవతలివారు తెలిసిన పాఠమే మళ్లీ చెప్పి చూపిస్తారు. తెలియనిది దాచుకుంటారు. నేర్చుకోవాల్సింది ఆ దాచుకున్నదే.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి రూపొందించిన జాతీయ మెంటరింగ్ మిషన్ కూడా అనుభవమున్న టీచర్లు సాటివారికి తోడుగా ఉండటం గురించే మాట్లాడుతుంది. అది మంచి ఆలోచనే. బడిలో ఆ పీరియడ్ లేకపోతే మాత్రం అది కాగితం మీదే ఉంటుంది.

బదిలీలు ఇంకో చిక్కు. 2024 వేసవిలో పదోన్నతులు, బదిలీలు పెద్ద ఎత్తున జరిగాయి. ప్యానెల్ సంగతి తెలిసిన ఒకే ఒక్కరు వెళ్లిపోయిన బడిలో పాస్‌వర్డు కూడా ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది. దీనికి చేయదగ్గది చాలా మామూలు పని. ప్యానెల్ పక్కన మేకుకు ఒక నోటుబుక్కు తగిలించి, నేర్చుకున్నవారు తమ మాటల్లో తామే రాయాలి. "ఎడమ పక్క కింద గుండ్రటి గుర్తు నొక్కాలె. అప్పుడు విండోస్ వస్తది" అని. నేర్పినవారు రాస్తే అందులో సగం మాటలు ఇంకొకరికి అర్థం కావు. నేర్చుకున్నవారు రాసింది తర్వాత వచ్చేవారికి అర్థమవుతుంది.

ఇదంతా స్టాఫ్ ఉన్న బడుల మాట. ములుగు జిల్లాలో ఏటూరునాగారం, తాడ్వాయి, వాజేడు వైపు గూడేల్లో ఒక్కరే టీచర్ ఉన్న ప్రాథమిక బడులున్నాయి. దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ బడులు లక్షకు పైగా ఉన్నట్టు 2024-25 యూడైస్ లెక్కలు చెబుతున్నాయి. అక్కడ పక్క గది లేదు, పక్క టీచర్ లేరు, చాలాచోట్ల సిగ్నల్ కూడా నిలకడగా ఉండదు. ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటే ఒక తరగతికి చెబుతున్నంతసేపు మిగతా నాలుగు తరగతులకు ఏదో ఒక పని పెట్టాలి. అసలు టెక్నాలజీ అవసరం ఎక్కువున్నది ఈ టీచర్‌కే. సిగ్నల్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకున్న నాలుగు వీడియోలు, ఒక చిన్న స్పీకరు, కోయ భాషలో పిల్లల నానమ్మ చెప్పిన కథను ఫోన్‌లో రికార్డు చేసి వినిపించడం... వీటితో ఆ గదిలో ఒక మూల తనంతట తాను పని చేసుకుంటుంది. వీటిని నేర్పడానికి ఉన్న ఒకే ఒక్క చోటు కాంప్లెక్స్ మీటింగు. ఆ రోజు టీచర్ తన ఫోను, తన పాఠ్యపుస్తకం, వచ్చేవారం చెప్పాల్సిన పాఠం తెచ్చుకుని, అదే పని చేస్తున్న ఇంకో గూడెం టీచర్ పక్కన కూర్చుంటే ఒక గంటలో ఒక పాఠం తయారవుతుంది. ఫార్మాట్లు నింపడానికి, సర్క్యులర్లు చదవడానికి ఆ గంట పోకుండా చూడాల్సింది కాంప్లెక్స్ హెడ్‌మాస్టర్.